ఓమ్ని వ్యాన్ టాప్ గట్టర్ తుప్పు: సిలికాన్ కొట్టించనా, వెల్డింగ్ చేయించనా?

భీమిలి వ్యాన్:
అందరికీ నమస్కారం. నాది 2004 మోడల్ మారుతి ఓమ్ని. వెనక సీట్లు తీసేసి మంచం, చిన్న స్టవ్వు పెట్టుకుని అరకు, లంబసింగి తిరుగుతుంటాం. ఇల్లు సముద్రానికి అర కిలోమీటరు. మొన్నటి వానల్లో డ్రైవర్ సీటు వెనక, లోపలి టాప్ గుడ్డ మీద టీ ఒలికినట్టు మరక పడింది. పైన నీళ్ళు పోయే గట్టర్‌లో గోరు పెడితే పెయింటు అప్పడంలా లేచొచ్చింది. స్క్రూడ్రైవర్ ఆనిస్తే రెండు చోట్ల దిగిపోయింది. ఒకటి బియ్యపుగింజంత, రెండోది అగ్గిపుల్ల పొడుగు. ఒక షెడ్డాయన "సిలికాన్ కొట్టి పెయింటేసేస్తా, సాయంత్రానికి తీసుకుపో" అన్నాడు. ఇంకొకాయన గట్టర్ మొత్తం కోసెయ్యాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గాజువాక టింకరింగ్:
తమ్ముడూ, సిలికాన్ మాత్రం వద్దు. మామూలు సిలికాన్ ట్యూబు విప్పగానే వెనిగర్ వాసన కొడుతుంది చూడు, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం. ఇనుము మీద ఉన్న తుప్పుకి అది తోడవుతుంది. పైగా సిలికాన్ మీద ఏ పెయింటూ నిలవదు. రేపు సరిగ్గా చేద్దామన్నా ముందు దాన్ని గీకలేక చావాలి.
ఒకటి చెప్పు. టాప్ మీద కారియర్ ఎప్పుడైనా బిగించావా?

భీమిలి వ్యాన్:
రెండేళ్ళు ఉంది అన్నా, పోయిన వేసవిలో తీసేశాను. మీరడిగాక ఇప్పుడే వెళ్ళి చూశాను. రెండు కన్నాలూ కచ్చితంగా కారియర్ కాళ్ళు పట్టుకున్న చోటే ఉన్నాయి! బిగింపు పళ్ళ గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి.

గాజువాక టింకరింగ్:
అనుకున్నా. క్లాంపు పళ్ళు పెయింటు కొరికేస్తాయి, దాని కింద ఉప్పు తేమ చేరి ఆరదు. అయితే గట్టర్ మొత్తం పోయిందని ఇప్పుడే అనలేం.

వరంగల్ గ్యారేజి:
అన్నా, మరక ఉన్న కాడనే కన్నం ఉందనుకోకు. నీళ్ళు దిగేది ఒక కాడ, బయటపడేది ఇంకో కాడ. గట్టర్‌ను జానెడు జానెడు టేపుతోటి మూసి, ఒక్కో ముక్క విప్పుకుంట మగ్గుతోటి నీళ్ళు పొయ్యి. లోపల ఒకరు టార్చి పట్టుకొని కూసోవాలె. గుడ్డ దింపకుంట ఈ పని జేస్తే ఉత్త టైం వేస్టు.

కొవెంట్రీ అక్క:
మాది ఇంగ్లండ్‌లో 1986 ఫోక్స్‌వ్యాగన్ టీ25 వ్యాన్. వీటిలో రేకులు కలిసే అతుకుల్లో ఫ్యాక్టరీ సీలెంట్ ఎండి పగులుతుంది, నీళ్ళు లోపలికి పాకుతాయి. నేను పైనుంచి మాత్రమే శుభ్రంగా సీల్ చేసి మురిసిపోయాను. మరుసటి చలికాలానికి అదే చోట పెయింటు బొబ్బలెక్కింది. కారణం వాన కాదు, మేమే! రాత్రి ఇద్దరం అద్దాలు బిగించుకుని పడుకుంటాం, పొద్దున్నే టీ కాస్తాం. ఆ ఆవిరి చల్లటి టాప్ రేకు లోపలి వైపు నీటిబొట్లయి, జారి గట్టర్ అతుకులో చేరుతుంది. లంబసింగి చలిలో నీకూ అదే జరుగుతుంటుంది. అందుకే లోపల చూడకుండా ఏదీ తేల్చుకోకు.
ఇంకోటి. ఇక్కడ ఏటా చేసే ఎంఓటీ అనే బండి ఫిట్‌నెస్ పరీక్షలో సీటుబెల్టు బోల్టుకి 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బలహీనపడితే బండి ఫెయిలే. నీ మరక డ్రైవర్ వెనక స్తంభం దగ్గర కదా, బెల్టు పైబోల్టు చుట్టూ కూడా పొడిచి చూడు.

భీమిలి వ్యాన్:
గుడ్డ దింపాను అక్కా. బెల్టు దగ్గర రేకు గట్టిగానే ఉంది. టాప్‌కి నేను అతికించిన ఫోమ్ షీటు మాత్రం పిండితే నీళ్ళొచ్చాయి. కన్నాల చుట్టూ రెండేసి అంగుళాలు మెత్తబడింది, మిగతాది పైతుప్పే.

గాజువాక టింకరింగ్:
అయితే ఆ రెండు ముక్కలకే వెల్డింగ్ చాలు. కానీ గేట్లు, గ్రిల్స్ చేసే షాపుకి తీసుకెళ్ళకు. ఆర్క్ రాడ్డుకి ఈ పల్చటి రేకు ఆగదు, అగ్గిపుల్లంత కన్నం అరచేయంత అవుతుంది. మిగ్ వెల్డింగ్ (సన్నటి తీగ, గ్యాస్‌తో చేసేది) ఉన్న షెడ్డు చూసుకో. చుక్క పెట్టి, రెండో చుక్క దూరంగా పెట్టి, చల్లారాక మధ్యలో నింపాలి. లైనుగా లాగితే టాప్ అలలు అలలుగా లేస్తుంది. ఆ ఫోమ్ అంతా పీకెయ్, నిప్పురవ్వ చాలు అంటుకోడానికి. బ్యాటరీ వైరు తీసెయ్. వంట సిలిండరు బండిలో ఉండకూడదు. పక్కన బకెట్టు నీళ్ళు, తడి గోనె.
మిగతా తుప్పుని తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దు. గ్రైండర్ రాయి పెడితే ఉన్న రేకు కూడా అరిగిపోతుంది. గుంటల్లో మిగిలిన నల్లటి తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పుయ్యి, అది తుప్పుని గట్టి పొరగా మార్చే మందు. తర్వాత రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వెయ్యి, మామూలు రెడ్ ఆక్సైడ్‌తో సరిపెట్టకు. అది ఆరాక అతుకు మీద పీయూ (పాలీయురిథేన్) సీలెంట్, దాని మీద పెయింటు. మెటల్ పేస్టుతో, అంటే సొట్టలు పూడ్చే పుట్టీతో గట్టర్ నింపుతామంటే ఒప్పుకోకు, అది నీళ్ళు పీలుస్తుంది. సీలెంట్ కూడా పల్చగా, వాలు చెడకుండా. మధ్యలో గుట్ట కట్టిందంటే నీళ్ళు అక్కడే నిలుస్తాయి.

కొవెంట్రీ అక్క:
లోపలి వైపు అతుకులో క్యావిటీ వ్యాక్స్ (సందుల్లోకి పాకి తుప్పు పట్టకుండా కాపాడే మైనం) కొట్టించు. వెల్డింగ్ వేడికి లోపలి పెయింటు ఎలాగూ కాలిపోతుంది, చాలామంది మర్చిపోయేది అదే. వ్యాక్స్ మాత్రం అన్నీ అయ్యాక, ఆఖర్న.

భీమిలి వ్యాన్:
పని అయింది. పెయింటుతో కలిపి నాలుగు రోజులు పట్టింది. నిన్న గంటసేపు పైపు పెట్టి నీళ్ళు కొట్టాను, లోపల పొడిగానే ఉంది. షెడ్డాయన గట్టర్‌లో మెటల్ పేస్టు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది. ఒక్క సందేహం. కారియర్ మళ్ళీ పెట్టుకోవచ్చా?

వరంగల్ గ్యారేజి:
పెట్టుకో గని, క్లాంపు కింద పాత ట్యూబు రబ్బరు ముక్క పెట్టు. నెలకోసారి విప్పి తుడువు. వెల్డింగ్ చేసిన కాడ మాత్రం కాలు పెట్టకు, నాలుగు వేళ్ళంత పక్కకు జరుపు.