తాతయ్య కాలి హార్మోనియాన్ని కోసి చేతిపెట్టె చేయమంటున్నారు, చేయించాలా?

రేపల్లె పాసింజర్:
అందరికీ నమస్కారం. అమ్మమ్మవాళ్ల పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే వెనక గదిలో గోనెపట్టాలు కప్పిన హార్మోనియం బయటపడింది. ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ ఇంకో చేత్తో వాయించే మామూలు చేతిపెట్టె కాదు. టేబుల్ అంత ఎత్తు ఉంది, కింద రెండు పెడల్స్ ఉన్నాయి, కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ వాయించేది. తాతయ్య పద్యనాటకాలకు హార్మోనిస్టుగా వెళ్లేవారు. నేను పుట్టేసరికే మానేశారు. ఊళ్లో నాటక సమాజం మూతపడినప్పుడు వాళ్ల దగ్గర దీన్ని కొన్నారని అమ్మ చెబుతుంది.

మెట్లు 61. వాటి పైన వరసగా నాబ్‌లు, నాబ్‌ల మీద పింగాణీ బిళ్లలు, బిళ్లల మీద సున్నా చుట్టిన అంకెలు. ఎడమవైపు 1, 2, 3, 4 ఉంటే కుడివైపు కూడా అవే. మధ్యలో ఒకదాని మీద ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంది. ఇత్తడి రేకు మీద పేరు అరిగిపోయింది, ‘పారిస్’ అన్నది మాత్రం చదవొచ్చు.

తొక్కితే గాలి వస్తోంది కానీ నిలవడం లేదు. కొన్ని మెట్లు పలకవు. ఒకటి నొక్కకపోయినా సన్నగా కూస్తూనే ఉంటుంది. రిపేరు చేసే ఒకాయనకు చూపిస్తే, ‘ఇప్పుడిది ఎవరు వాయిస్తారండీ, కింద భాగం తీసేసి రీడ్లు (గాలి తగిలితే పలికే ఇత్తడి నాలుకలు) చేతిపెట్టెలో వేసిస్తా’ అన్నారు. ఇంట్లో అందరూ సరే అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకు వద్దో చెప్పమంటే చెప్పలేకపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒకటిన్నర శ్రుతి:
కోయించకండి. ముందు ఆ మాట చెప్పి మిగతాది తర్వాత రాస్తున్నాను.

నేను గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి, ఇప్పటికీ పిలిస్తే వెళ్తాను. కాలిపెట్టె మీదే నేర్చుకున్నాను. చేతిపెట్టెకైతే ఎడమ చెయ్యి మొత్తం తిత్తికే పోతుంది. కాలిపెట్టె ముందు కూర్చుంటే రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. ఎడమచేతి వేళ్లు షడ్జమం (స), పంచమం (ప) పట్టి ఉంచుతాయి, కుడిచెయ్యి నటుడి వెంట వెళ్తుంది. పద్యం చివరి పాదంలో నటుడు రాగం అందుకున్నప్పుడు చూడండి, ఆయన ఊపిరి తీసుకునే ఖాళీలో ఆయన పాడిన స్వరాల వరసనే మనం తిరిగి పలికించాలి, ఆయన మళ్లీ అందుకునేలోపు తప్పుకోవాలి. ఆ ఖాళీ ఒక్కోసారి రెప్పపాటు కూడా ఉండదు. అప్పుడు చెయ్యి తిత్తి కోసం వెతుక్కోకూడదు.

రెండోది ఆ ‘ఈ’ నాబ్. మీ పెట్టెకు ప్రాణం అదే. దాన్ని ఎక్స్‌ప్రెషన్ అంటారు. లోపల రెండు రకాల తిత్తులు ఉంటాయి. పెడల్ తొక్కినప్పుడు గాలి పంపేవి రెండు, ఆ గాలిని నిలవ చేసి ఒకే ఒత్తిడితో వదిలే పెద్దది ఒకటి. ‘ఈ’ లాగారంటే పెద్దతిత్తి దారి మూసుకుపోయి గాలి నేరుగా రీడ్లకు పోతుంది. ఇక పాదం ఎంత నొక్కితే ధ్వని అంత. నటుడు గొంతు పెంచితే మీరూ పెంచొచ్చు, కరుణరసం పద్యంలో ఆయన గొంతు తగ్గిస్తే వినీవినపడనట్టు పట్టుకోవచ్చు, అదీ ఒక్క స్వరం మధ్యలోనే. ఇది తేలిగ్గా రాదు. ఒక కాలు పైకి వచ్చేలోపు రెండోది అందుకోకపోతే స్వరం వణుకుతుంది. మా గురువుగారు మొదట్లో ఒకే మెట్టు పట్టించి కాళ్లు మాత్రమే ఆడించమనేవారు, స్వరం తీగలా నిలిచేదాకా రెండో మెట్టు ముట్టనిచ్చేవారు కాదు.

మైకులు లేని రోజుల్లో, ఆరుబయట జనం కూర్చుంటే, వెనక వరసకు కూడా శ్రుతి వినపడేలా చేసింది ఈ కాలి బలమే. పైగా మన నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని వేర్వేరు నటులు వస్తారు. ఒకాయన పాడే శ్రుతి ఒకటిన్నర, ఇంకొకాయనది అంతకంటే పైన, మూడు. తెర లేచేలోపు హార్మోనిస్టు కొత్త శ్రుతిలోకి వెళ్లిపోయి, నటుడు నోరు తెరిచే క్షణానికి షడ్జమం ఆయన చెవిలో ఉంచాలి. అందుకే కుర్చీలో, నటుడి ముఖం కనపడే చోట కూర్చుంటాం. నేల మీద కూర్చుని తల వంచి వాయించే చేతిపెట్టెతో నాకు ఆ చూపు కుదరదు.

మీ తాతయ్యగారు బయట ఊళ్లకు వెళ్లింది దీనితో కాకపోవచ్చు. బండి మీద తిరిగినవి మడత కాలిపెట్టెలు, కాళ్లు లోపలికి మడిస్తే ట్రంకుపెట్టెలా అయిపోతాయి. మీ ఇంట్లో ఉన్నది కదలకుండా సమాజం హాల్లో ఉండే రకం. పారిస్‌లో అలెగ్జాండర్ డెబాన్ 1840లో పేటెంటు తీసుకున్న హార్మోనియం కూడా కాళ్లతో తొక్కేదే. చేతిపెట్టె తర్వాత వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని మనవాళ్లు నేల మీద కూర్చుని వాయించడానికి వీలుగా మలిచారు. అంటే మీ ఇంట్లో ఉన్నది అసలు రూపం.

రీడ్‌బోర్డు:
పైన పెద్దాయన చెప్పింది సంగీతం వైపు నుంచి. నేను పాత రీడ్ ఆర్గన్లు బాగుచేస్తాను, చెక్క వైపు నుంచి చెప్తాను.

ఆ రీడ్లు తీసి చేతిపెట్టెలో వేస్తే ఆ నాదం రాదు. 1, 2, 3, 4 అన్నవి నాలుగు వరసల రీడ్లు. 1, 4 మామూలు స్థాయి, 2 ఒక స్థాయి కింద, 3 ఒక స్థాయి పైన. ఒకే స్థాయిలో ఉన్నా 1, 4 రెండూ వేరుగా వినపడడానికి కారణం చాలావరకు రీడు పైన ఉండే చెక్క గది కొలత. గదులు పారేసి రీడ్లు మాత్రం పట్టుకెళ్తే మిగిలేది వట్టి ఇత్తడి. అంకెలు రెండు పక్కలా ఎందుకున్నాయంటే నాబ్‌లు మెట్లను సగానికి విడదీస్తాయి. ఎడమ సగానికి ఒక నాదం, కుడి సగానికి వేరే నాదం పెట్టుకోవచ్చు.

పలకని మెట్టుకు చాలాసార్లు రీడు నాలుక కింద దుమ్ము కారణం. పల్చటి బ్లేడుతో నాలుక కొసను కాస్త ఎత్తి మెత్తటి బ్రష్‌తో తుడవండి, వంచొద్దు. కూస్తున్న మెట్టుకు దాని కింద మూత సరిగా పడడం లేదు. తోలు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా స్ప్రింగు నీరసించి ఉంటుంది. గాలి నిలవకపోవడం తిత్తి మడతల దగ్గర తోలు చిరగడం వల్ల. అది మాత్రం తెలిసినవాళ్లతో వేయించండి. పల్చటి గొర్రెతోలు, వేడి సరేసు (తోలు నుంచి తీసే జిగురు) కావాలి. ఫెవికాల్ పెడితే తర్వాత విప్పేటప్పుడు చెక్క చీలుతుంది. ఎండలో అసలు పెట్టకండి.

వీణ వెనక:
ఎవరినీ నొప్పించాలని కాదు. కానీ హార్మోనియంలో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చడం, పలకదు కదా. ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించింది, 1971లో గానీ సడలించలేదు. అంత శ్రమపడి బాగుచేయించడం కంటే ఏదైనా మ్యూజియానికి ఇస్తే పదిమంది చూస్తారు.

ఒకటిన్నర శ్రుతి:
వీణ వెనక గారూ, గమకం సంగతి నిజమే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం మెట్లకు రాదు. అయితే పద్యనాటకంలో ఆ పని నటుడి గొంతు చేస్తుంది. హార్మోనియం పని ఆ గొంతును నిలబెట్టడం, ఊపిరి అందని చోట ఆదుకోవడం. రేడియోలో వద్దన్న ఆ ముప్ఫై ఏళ్లూ మన ఊళ్లలో తెర లేవాలంటే హార్మోనిస్టు రావాల్సిందే. మ్యూజియంలో పెట్టినా తొక్కేవాడు లేకపోతే తోలు ఎండి చిరుగుతుంది. గాలి ఆడుతుంటేనే తిత్తి బతుకుతుంది.

రేపల్లె పాసింజర్:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. వెనక పలక విప్పి చూశాను. తిత్తి మూల మడతలు రెండు చోట్ల చిరిగాయి, లోపల ఎలుక పోగేసిన దూది ఉంది. రీడ్లు తుడిస్తే పలకనివి చాలావరకు పలికాయి! మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను, కోయించే ఆలోచన మానేశాం. ఒక్క సందేహం. ట్యూనర్‌లో అన్ని స్వరాలూ దాదాపు 20 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య తేడా 100 సెంట్లు) తక్కువ చూపిస్తున్నాయి. మా అమ్మాయి కీబోర్డుతో కలిపి వాయిస్తే కలవడం లేదు. రీడ్లు గీయించి శ్రుతి పెంచాలా?

ఒకటిన్నర శ్రుతి:
వద్దమ్మా, లేదా వద్దు బాబూ, ఎవరైనా సరే గీయనివ్వకండి. ఒక్కో స్వరం ఒక్కో రకంగా తప్పి ఉంటే రీడు దోషం అనుకోవచ్చు. అన్నీ ఒకేలా 20 సెంట్లు తగ్గాయంటే అది పుట్టుకతో వచ్చిన శ్రుతి. ఫ్రాన్సులో 1859లో ‘ఏ’ స్వరానికి సెకనుకు 435 కంపనాలు అని ప్రభుత్వమే కొలత పెట్టింది. ఇప్పటి కీబోర్డు 440. తేడా లెక్క వేసుకుంటే దాదాపు మీరు చెప్పిన 20 సెంట్లే వస్తుంది. ఇన్నేళ్లయినా మీ రీడ్లు అంత సమంగా నిలబడ్డాయంటే వాటిని ఎవరూ చెడగొట్టలేదని అర్థం, నాకు చాలా సంతోషంగా ఉంది.

నాలుక కొస దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీస్తే తగ్గుతుంది. కానీ గీసిన ఇత్తడి తిరిగి రాదు. దాని బదులు కీబోర్డునే కిందికి దించండి. ట్యూనింగ్ సెట్టింగులో 440ని 435 చేస్తే పాప హాయిగా కలిపి వాయించుకుంటుంది. తబలా అయితే ఎలాగూ పెట్టెకే కలుపుతారు.

తిత్తి అతుకు పడ్డాక మొదటి వారం ‘ఈ’ నాబ్ ముట్టుకోకుండా, పెద్దతిత్తితో మెల్లగా తొక్కండి. గట్టిగా తొక్కితే కొత్త తోలు అతుకు లేస్తుంది, పాత రీడ్లు చిట్లుతాయి. చేతులు లేని కుర్చీ వేసుకోండి. కూర్చున్నప్పుడు మోకాళ్లు మెట్ల బల్లకు తగలకూడదు, మడమ పెడల్ మీద ఆనాలి, ఒత్తిడి వేళ్ల దగ్గర నుంచి రావాలి. ముందు ఒక్క షడ్జమం పట్టుకుని కాళ్లు ఆడించండి. స్వరం ఎక్కడా వణక్కుండా నిలిచిన రోజు ఇక్కడ రాయండి, ‘ఈ’ నాబ్ ఎలా వాడాలో అప్పుడు చెప్తాను.