కాలనీ పార్కులో మన చుట్టుపక్కల జంతువులతో చిన్న జూ: పెట్టాలా, వద్దా?

బోర్‌వెల్_బాధితుడు అడిగారు:

మాది హైదరాబాద్‌లో హయత్‌నగర్ వైపు ఒక కాలనీ. చెరువు పక్కన మూడెకరాల పార్కు ఉంది, సగం వాకింగ్ ట్రాకు, మిగతా సగం తుమ్మచెట్లు, పిచ్చిపొదలు. మొన్న ఆదివారం కాలనీ మీటింగులో ఒక పెద్దాయన లేచి, ఆ పొదలన్నీ కొట్టించేసి అక్కడ చిన్న జూ పెట్టిద్దాం, పులులూ సింహాలూ అక్కర్లేదు, మన దగ్గర తిరిగేవే చాలు, జింకలు, నెమళ్లు, తాబేళ్లు, ముళ్లపంది, నాలుగు రకాల పాములు, ఎమ్మెల్యే గారికి అర్జీ ఇద్దాం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి చెబితే ఏడో తరగతి చదివే మా పాప, "నాన్నా, జింకలు వనస్థలిపురంలో ఉన్నాయి కదా, మళ్లీ ఇక్కడ బోనులో ఎందుకు?" అంది. నిజమే, మహావీర్ హరిణ వనస్థలి మా ఇంటికి బండి మీద పది నిమిషాలు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, లోపలికి వెళ్లింది ఒక్కసారి.

అయినా ఆ ఆలోచన పూర్తిగా చెడ్డదని నాకనిపించడం లేదు. బహదూర్‌పురా జూ పెద్దది, 380 ఎకరాలు, పిల్లల్ని తీసుకెళ్తే రోజంతా అయిపోతుంది, ఏనుగు, తెల్లపులి చూసేసరికే వాళ్లకి కాళ్లు పీకి ఐస్‌క్రీమ్ బండి దగ్గర కూలబడతారు. ఇంటి వెనకాల తిరిగే జంతువు ఏదో మాత్రం ఎవరికీ తెలియదు. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సీసీ కెమెరాకి ఏదో చిక్కింది. పొడుగు తోక, ఒంటి మీద మచ్చలు. చిరుత పిల్ల అని ఎవరో గ్రూపులో పెట్టారు, ఇక చూడండి, రాత్రి ఒంటిగంట దాకా టెన్షన్, ముగ్గురు క్రికెట్ బ్యాట్లు పట్టుకుని కాపలా. తెల్లారి చూస్తే పునుగుపిల్లి, పాత అట్టపెట్టెల వెనక ముడుచుకుని పడుకుంది. ఇలాంటివాటిని చూపించే చోటు దగ్గర్లో ఉంటే మంచిదే కదా? తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టినా పర్లేదు.

గల్లీ_చివరోడు:

ముందు ఆ పార్కులో కుళాయికి నీళ్లు వస్తాయా అన్నా? మా దగ్గర పెట్టిన ఫౌంటెన్ రిబ్బన్ కట్ చేసిన రోజు తప్ప మళ్లీ ఎగరలేదు.

పాత_కీపర్:

ఆ నీళ్ల మాట నవ్వులాటకి అన్నా అసలు సంగతి అక్కడే ఉంది. నేను జూలో యానిమల్ కీపర్‌గా చేసి రిటైరయ్యాను, ఏ ఊరి జూ అన్నది వదిలేయండి.

కాలనీవాళ్లు, కార్పొరేటరు కలిసి పెట్టేసే పని కాదది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది, ఆ చట్టం కిందే సెంట్రల్ జూ అథారిటీ అని 1992 నుంచి ఒకటుంది, దాని గుర్తింపు లేకుండా ఎవరూ జూ నడపకూడదు. వాళ్ల రూల్స్‌లోనే చిన్న జూ, మినీ జూ అని రకాలున్నాయి, కాబట్టి చిన్నదిగా పెట్టడం నేరమేం కాదు. కానీ ఎంత చిన్నదైనా డాక్టరు కావాలి, కొత్తగా వచ్చినదాన్ని విడిగా ఉంచే క్వారంటైన్ కావాలి, వారానికొక రోజు జనాన్ని రానివ్వకుండా మూసేయాలి. ముళ్లపందికి పన్ను విరిగితే మీ వీధి చివర కుక్కల డాక్టరుకి చూపిస్తారా? పండగ రోజు దానికి మేత వేయడానికి ఎవరొస్తారు? అర్జీ రాసేటప్పుడు ఇవి ఎవరికీ గుర్తుకు రావు.

ఇక జింకలు. అందరూ ముందు అడిగేది వాటినే, చూడ్డానికి బాగుంటాయి, కరవవు. ఇరుకు జాగాలో చుక్కల జింకల్ని పెంచడమంత తలనొప్పి ఇంకోటి లేదు. ఢిల్లీలో హౌజ్ ఖాస్ డీర్ పార్కు ఉంది చూడండి, 1960లలో ఆరు జింకలతో మొదలుపెట్టారు, అవి పెరిగి పెరిగి 600 దాకా అయ్యాయి, చివరికి 2023లో అథారిటీ దాని మినీ జూ గుర్తింపే రద్దు చేసింది, వాటిని రాజస్థాన్ అడవులకి తరలించబోతే దాని మీద కోర్టు కేసులు. జింకల్ని తరలించడమంటే మేకల్ని డీసీఎం వ్యానులో ఎక్కించినట్టు కాదండీ. తరిమితే బెదిరి కండరాలు దెబ్బతింటాయి, పట్టుకున్నప్పుడు బాగానే కనిపించింది కూడా రెండు రోజులకి పోతుంది. మగవాటికి కొమ్ములు గట్టిపడే కాలంలో ఓడినదానికి పారిపోయే చోటుండాలి, లేకపోతే కంచెకేసి పొడుస్తుంది రెండోది.

ఒక ఆడ జింక నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. వారం రోజులు మేత ముట్టకుండా నిలబడ్డ చోటే నిలబడింది, పొట్ట ఉబ్బింది. పోయాక డాక్టరు గారు కోస్తే కడుపులోంచి కొబ్బరికాయంత ముద్ద వచ్చింది. బకెట్లో వేసి కడిగి విడదీశాం. పాల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, ముడి కూడా విప్పని క్యారీబ్యాగు ఒకటి, అందులో చపాతీ వాసన ఇంకా ఉంది. అన్నీ కంచె దగ్గర నిలబడి ప్రేమగా పెట్టినవే. పెద్ద జూలో కందకం తవ్వి జనాన్ని దూరంగా ఉంచుతారు, అయినా విసురుతారు. మూడెకరాల్లో, అదీ సగం వాకింగ్ ట్రాకే అయిన చోట, ఆ దూరం ఎక్కడి నుంచి తెస్తారు?

జూలంటే నాకు వ్యతిరేకం లేదు, నా ఇంట్లో అన్నం దాంతోనే ఉడికింది.

బకెట్_మూత:

నేను పాముల రెస్క్యూకి వెళ్తుంటాను, వాలంటీర్‌ని. జింకల విషయంలో కీపర్ గారి మాటే నా మాట. పాముల దగ్గర మాత్రం నేను కొంచెం అటువైపు.

పోయిన వానాకాలం నాగోల్ దగ్గర కట్టే బిల్డింగ్ నుంచి ఫోనొచ్చింది, కొండచిలువ పిల్ల దొరికింది, బకెట్లో వేసి మూత పెట్టాం, వచ్చి తీసుకెళ్లండి అని. వెళ్లేసరికి పనివాళ్ల పిల్లలు మూత తీసి చూడటం, కేరింతలు కొట్టి మళ్లీ మూయడం. నాకు పది అడుగుల దూరంలోనే ప్రాణం జారిపోయింది. కుక్కర్ విజిల్‌కి ముందు ఆవిరి కొడుతుంది చూడండి, అదే చప్పుడు, ఆగకుండా. రక్తపింజర. దాని వీపు మీద మచ్చలు గొలుసు లింకుల్లా వరసగా ఉంటాయి, కొండచిలువవి చిరిగిన మ్యాపు ముక్కల్లా అడ్డదిడ్డంగా ఉంటాయి. ఈ తేడా ఫోన్లో ఫోటో పెట్టి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, రెండిటినీ పక్కపక్క అద్దాల వెనక ఐదు నిమిషాలు చూస్తే జన్మలో మర్చిపోరు. మన దగ్గర పాముకాటు మరణాల్లో ఎక్కువ భాగం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి వల్లే, ఆస్పత్రిలో ఇచ్చే మందు కూడా ఈ నాలుగింటి విషంతో తయారైందే. జనం కర్రలతో కొట్టి చంపేది మాత్రం ఎక్కువగా జెర్రిపోతుని. దానికి విషమే లేదు, పైగా ఎలుకల్ని తింటుంది.

చెన్నై గిండీలో పాముల పార్కు చూశాను, నగరం మధ్యలో చిన్న జాగా, గంటలో తిరిగేయొచ్చు. అలాంటిది మన ఊళ్లో ఒకటుంటే నేను సెలవు రోజు వెళ్లి ఊరికే పనిచేస్తాను. ఒక్కటే షరతు, బయట బతికేవాటిని పట్టి తేకూడదు. జేసీబీ తగిలి నడుము దెబ్బతిన్నవి, ఇళ్లల్లో ఏళ్లపాటు దొంగచాటుగా పెంచి చివరికి అప్పగించిన నక్షత్ర తాబేళ్లు, ఇలా అడవిలో వదలలేనివి ఉంటాయి, అవి చాలు. ఇంకో సంగతి, అద్దం మీద కొట్టే పిల్లల్ని ఆపే మనిషి కావాలి, పిల్లలకంటే ముందు వాళ్ల నాన్నల్ని. పాముకి చెవుల్లేవు కదా అంటారు. ఆ దరువు దానికి ఒళ్లంతా తెలుస్తుంది.

ఉప్పల్_సైన్స్_టీచర్:

స్థానిక జంతువులతోనే జూ అనేది కొత్త ఆలోచనేం కాదండీ, బాగా చేసినవాళ్లున్నారు. డార్జిలింగ్ జూ 1958లో మొదలైంది, అక్కడ ప్రధానంగా హిమాలయాల జంతువులే, మంచు చిరుత, ఎర్ర పాండా. అక్కడ పుట్టిన ఎర్ర పాండాలని సింగలీలా అడవిలో వదిలారు కూడా. ఆ జూకి 1975లో పెట్టిన పేరు ఎవరిదో తెలుసా, పద్మజా నాయుడిది, సరోజినీ నాయుడి కూతురు, హైదరాబాద్ మనిషే. అమెరికాలో టూసాన్ దగ్గర 1952 నుంచి ఒకటుంది, ఆ ఎడారిలో బతికే జంతువులు, అక్కడి మొక్కలు, రాళ్లతో సహా చూపిస్తారు. అంటే పద్ధతి తప్పు కాదు. కానీ డార్జిలింగ్‌ది చిన్న జూ అనుకుంటాం, అదే అరవై ఎకరాల పైన. మూడెకరాలు ఎక్కడ!

మన బహదూర్‌పురా జూని కూడా ఊరికే ఏనుగుల జూ అనేయకండి. 1982 నుంచి అక్కడ రాత్రి జంతువుల ఇల్లు ఉంది, పగలు చీకటి చేసి రాత్రి లైట్లు వేస్తారు, దాంతో మనం వెళ్లే టైముకి అవి మేలుకుని తిరుగుతుంటాయి. 2010లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లతో కలిసి మూషిక జింకల్ని పెంచడం మొదలుపెట్టి 2017లో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. కుందేలంత ఉండే జింక మన నల్లమలది అని మా స్టాఫ్‌రూమ్‌లో సగం మందికి తెలియదు, నాకూ ఆ ఏడాదే తెలిసింది.

పిల్లల్ని జూకి తీసుకెళ్లి వచ్చాక ఏం గుర్తుందో రాయమంటాను ప్రతిసారీ. అందరూ పులి గురించే రాస్తారు, అదీ పుస్తకంలో ఉన్నదే. ఒకడు మాత్రం, వెనక బెంచీ వాడు, "ముళ్లపంది నడిస్తే గజ్జెల చప్పుడు వచ్చింది, నేను ఒక్కడినే విన్నాను" అని రాశాడు. రెండే వాక్యాలు రాశాడు ఆరోజు. అందుకని దగ్గర్నుంచి చూడటం అనే దాన్ని నేను కొట్టిపారేయలేను.

తుమ్మచెట్టు:

అందరూ జింకల గురించీ పాముల గురించీ బాగా చెప్పారు, "ఆ పొదలన్నీ కొట్టించేసి" అన్న ముక్క మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చెరువు పక్కన తుమ్మచెట్లు, పొదలు ఉన్న ఎకరంన్నరలో ఏం లేవనుకుంటున్నారు? ముంగిస ఉంటుంది, తొండలుంటాయి, నీళ్ల పాములుంటాయి, నీళ్ల మీదికి ఒంగిన కొమ్మకి గిజిగాడు గూళ్లుంటాయి, లకుముకి పిట్ట ఉంటుంది. వాటిని తరిమేసి అక్కడ బోనులు కట్టి వేరే చోటి నుంచి జంతువుల్ని తెస్తారా? నవ్వాలో ఏడవాలో తెలియదు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో జేసీబీలు దిగినప్పుడు నెమళ్లు, జింకలు ఎక్కడికి పోతాయని మనమే గ్రూపుల్లో గొంతు చించుకున్నాం, సుప్రీంకోర్టు చెప్పాక గానీ ఆ జేసీబీలు ఆగలేదు. సొంత కాలనీ దగ్గరికొచ్చేసరికి అవి పిచ్చిపొదలైపోయాయి.

ఇంకోటి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దసరాకి దాన్ని చూస్తే మంచిదని, పట్టి రెక్కలు కట్టి పంజరంలో పెట్టి డబ్బులకి చూపించేవాళ్లున్నారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ నన్నూ తీసుకెళ్లి చూపించింది, పది రూపాయలు. పిట్ట కళ్లు సగం మూసుకుని ఉంది, నీలం రెక్క ఒక్కసారి కూడా విప్పలేదు. నా మటుకు చిన్న జూ అంటే అదే గుర్తొస్తుంది, ఏం చేయను.

ఉప్పల్_సైన్స్_టీచర్:

తుమ్మచెట్టు గారూ, అది జూ కాదు, వ్యాపారం. రెండూ ఒకటి చేయకండి. పొదల విషయంలో మాత్రం మీరు చెప్పిందే సరి, నేను చదువుతూ దాటేశాను.

బోర్‌వెల్_బాధితుడు:

అందరికీ థాంక్స్. ఇవాళ పొద్దున ఆరింటికి పాపని తీసుకుని పార్కులో ట్రాకు వైపు కాకుండా పొదల వైపు వెళ్లాను. మొదటి ఇరవై నిమిషాలు దోమలు తప్ప ఏమీ లేదు, నేనైతే వెనక్కి పోదామన్నాను. అప్పుడు పాప నా చొక్కా పట్టుకుని లాగింది. పగిలిన సిమెంటు పైపులోంచి ముంగిస, దాని వెనక రెండు పిల్లలు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతున్నట్టు గీత గీసినట్టు దాటి గడ్డిలోకి పోయాయి. మా ఇంటి నుంచి మూడొందల అడుగులు కూడా ఉండదు ఆ పైపు.

సాయంత్రం పెద్దాయన ఇంటికెళ్లి మీరు చెప్పినవన్నీ చెప్పాను, చట్టం, డాక్టరు, ఢిల్లీ జింకలు, పొదలు, అన్నీ. మీటింగ్ మినిట్స్‌లో పొదలు కొట్టే పని ఆపేశామని రాయించడానికి ఒప్పుకున్నారు. టీ తాగుతూ చాలాసేపు ఆలోచించి, "సరే, జింకలొద్దు. పోనీ కుందేళ్లు?" అన్నారు.

పాత_కీపర్:

జింకలకంటే తొందరగా పిల్లల్ని పెడతాయని చెప్పండి.