కడప బండ మీద నిమ్మరసం మచ్చ: మెరుపు మళ్లీ తెచ్చేదెట్లా?

గుజిరీ అంగట్లో 600కు దొరికిన పాత కుట్టుమిషన్ ఇనుప స్టాండు మీద 3 అడుగుల నల్ల కడప బండ, పాలిష్ పట్టింది, వేసి బల్ల చేసినా. నిమ్మకాయ నీళ్ల గ్లాసు ఒక్క రాత్రి ఉండేసరికి తెల్లటి ఉంగరం పడింది. సున్నపురాయి కదా, పులుపు పైపొరను తినేసింది. మరకైతే కడిగితే పోయేది.

కొబ్బరినూనె రుద్దితే నల్లబడుతుంది, నాలుగు రోజులకు మళ్లీ తేలుతుంది, పైగా దుమ్మంతా దానికే. తర్వాత నీళ్లు చిలకరిస్తూ 400, 800 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) పట్టినా. ఉంగరం పోయింది గానీ అరచేయంత మేర బూడిదరంగుకు తిరిగింది. వేలితో తడిమితే నున్నగానే ఉంది, మెరుపే లేదు.

ఇంత దానికి పాలిష్ మిషన్ పిలిపించలేను. 800 తర్వాత చేత్తోనే ఏ నంబరు దాకా పోయి, చివర్లో ఏ పాలిష్ పొడి రుద్దితే చుట్టూ ఉన్న మెరుపులో కలిసిపోతుంది?