అమ్మానాన్నలతో ఒక్కరోజు ప్రయాణం: టొలేడో, సెగోవియాలకు రైలా, బస్సా?

ప్రశ్న (మాడ్రిడ్ వచ్చి రెండు నెలలు)

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం వచ్చాను. వచ్చే వారం అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. శనివారం పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా టొలేడో గానీ సెగోవియా గానీ చూపించాలని ఉంది. రైలైతే అరగంటే అంటున్నారు, బస్సుకు గంట పైనే పడుతుందట. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్నకు 66 ఏళ్లు. ఏది మేలు? టికెట్లు ముందే కొనాలా?

జవాబు (హెతాఫే, పదకొండేళ్లుగా)

తమ్ముడూ, అరగంట అన్న మాట పట్టుకుని రైలు ఎక్కేయకు. అది ఎక్కడ దింపుతుందో ముందు చూడు.

సెగోవియా రైలు మాడ్రిడ్‌లోని చమార్తిన్ స్టేషన్ నుంచి బయలుదేరుతుంది. గ్వాదర్రామా కొండల కింద 28 కిలోమీటర్ల సొరంగం దాటి గియోమార్ స్టేషన్‌లో దింపుతుంది. దిగి చూస్తే చుట్టూ బీడు, ఈడ్చి కొట్టే గాలి. ఊరు అక్కడికి ఐదారు కిలోమీటర్లు. అక్కడి నుంచి 11 నంబర్ సిటీ బస్సు పట్టుకోవాలి. రైలు దిగిన వాళ్లంతా దాని మీదే పడతారు, అమ్మకు సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అదే మాడ్రిడ్‌లోని మోంక్లోవా బస్టాండ్‌లో బస్సు ఎక్కితే గంటంబావు కూర్చోవడమే. మెట్రో 3, 6 లైన్లు రెండూ మోంక్లోవాకు వెళ్తాయి. సెగోవియా బస్టాండ్‌లో దిగి పది నిమిషాలు మెల్లగా నడిస్తే రోమన్ల కాలువ వంతెన ఎదురుగా ఉంటుంది.

మా అత్తగారిని అలాగే తీసుకెళ్లాను. ఆవిడ ఆ స్తంభం మీద అరచెయ్యి ఆనించి, రాళ్ల సందులో వేలు పెట్టి చూసి, "ఏమ్మా, మధ్యలో సున్నం లేదేమిటి?" అని అడిగారు. నిజంగానే లేదు. అంత ఎత్తు, దాదాపు 28 మీటర్లు, గ్రానైట్ దిమ్మలు ఒకదాని బరువు మీద ఒకటి నిలబడి ఉన్నాయి. అరగంట అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. మీ అమ్మగారు కోట దాకా నడవలేకపోయినా ఇదొక్కటి చూసినా చాలు. కోట బురుజుకు 152 మెట్లు, అది మాత్రం నాన్నగారికి వదిలెయ్.

జవాబు (వల్లేకాస్, 2009 నుంచి)

సెగోవియా సంగతి అక్కగారు చెప్పింది సరైనదే. టొలేడో మాత్రం రైల్లోనే వెళ్లాలి బాబూ. మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి అవాంత్ అనే హై-స్పీడ్ రైలు, 35 నిమిషాల లోపే. టొలేడో స్టేషనే చూడదగ్గ కట్టడం, 1919లో తెరిచారు. రంగు అద్దాలు, చెక్క కప్పు, పాత టికెట్ కౌంటర్లు. మా ఆవిడ అక్కడే ఇరవై ఫొటోలు దిగింది. బయటే జొకొదొవేర్ చౌకుకు సిటీ బస్సులు ఉంటాయి. నడిస్తే వంతెన దాటి కొండెక్కాలి, అమ్మగారితో వద్దు.

టికెట్ ముందే కొను. అవాంత్ ధర రోజు రోజుకీ మారదు, అందుకని చాలామంది తీరిగ్గా కొందామనుకుంటారు. ధర పెరగదు గానీ సీట్లు అయిపోతాయి. శనివారం పొద్దున రైళ్లు ముందే నిండుతాయి. అతోచాలో సామాన్లు స్కానర్‌లో పెట్టాలి, బయలుదేరడానికి కాస్త ముందే గేటు మూసేస్తారు. అరగంట ముందుండండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, పేరు. ఇక్కడ ప్రతి ఫారమ్‌లోనూ ఇంటిపేర్లు రెండు అడుగుతారు, నాన్న వైపుది ఒకటి, అమ్మ వైపుది ఒకటి. మనకు అలా ఉండదు కదా. నా పేరు మూడు ముక్కలు. నేను వచ్చిన కొత్తలో రెసిడెన్స్ కార్డుకు వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్తే, కౌంటర్‌లో ఆయన నా పేరులో మధ్య ముక్క తీసి రెండో ఇంటిపేరు గడిలో వేశాడు. కార్డు చేతికి వచ్చాక గానీ నేను చూసుకోలేదు. బ్యాంకు వాళ్లు ఈ పేరూ పాస్‌పోర్టులో పేరూ ఒకటి కాదన్నారు. ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఆగిపోయింది. మళ్లీ అపాయింట్‌మెంట్ కోసం రోజూ తెల్లవారుజామున లేచి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఇంకో కాగితం తెమ్మన్నారు. సెలవు పెట్టినందుకు ఆఫీసులో మాట పడ్డాను. నాలుగోసారి ఒక పెద్దావిడ పాస్‌పోర్టు తీసుకుని, స్కేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి, పది నిమిషాల్లో సరిచేసింది. ఆ స్కేలు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అందుకే చెబుతున్నాను, ఏ టికెట్ కొన్నా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు కొట్టు. నీ కార్డు రాగానే అక్కడే, కౌంటర్ వదలకముందే చదువుకో.

జవాబు (సెగోవియాలో చదువు, రెండో సంవత్సరం)

అన్నా, పేరు విషయం కరెక్టే గానీ రైలు టికెట్‌కు అంత టెన్షన్ అక్కర్లేదు. నేను తరచూ అవాంత్‌లో వస్తాను, గేటు దగ్గర కోడ్ స్కాన్ చేసి పంపేస్తారు. అలాగే గియోమార్ అంత ఘోరం కాదు అక్కా. 11 నంబర్ రైళ్ల వేళలకే నడుస్తుంది, పావుగంటలో వంతెన దగ్గర దింపుతుంది. ఉదయం పదికల్లా ఊళ్లో ఉండాలంటే నేనైతే రైలే అంటాను.

జవాబు (హెతాఫే)

నీకు ఇరవై రెండేళ్లు నాన్నా, బ్యాగు తగిలించుకుని పరుగెత్తుతావు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఎక్కడం దిగడం ఎన్నిసార్లన్నదే లెక్క. ఇంటి నుంచి మెట్రో, మెట్రో నుంచి రైలు, రైలు నుంచి సిటీ బస్సు.

జవాబు (లెగనేస్, ఆరేళ్లుగా)

అడిగిన తమ్ముడి వయసు 26 లోపైతే ఒక లాభం ఉంది. మాడ్రిడ్ యువత అబోనో, అంటే బస్సు, మెట్రో పాస్, ఇ2 జోన్ దాకా చెల్లుతుంది, టొలేడో అందులోనే ఉంది. మాడ్రిడ్‌లోని ప్లాసా ఎలీప్తికా బస్టాండ్ నుంచి వెళ్లే టొలేడో బస్సు నీకు విడిగా ఖర్చు కాదు. సెగోవియాకు మాత్రం చెల్లదు. అవాంత్‌కూ చెల్లదు. బస్సు ఎక్కేటప్పుడు ముందు బోర్డు చూసుకో. "దిరెక్తో" అని ఉంటే గంట, లేకపోతే ఊరూరా ఆగుతూ గంటన్నర. సాయంత్రం తిరుగు బస్సుకు క్యూ పెద్దది, ఆరింటికి ముందే బయలుదేరండి.

నాన్నగారికి రైల్వే వాళ్ల తర్హేతా దొరాదా, అంటే పెద్దవాళ్ల రాయితీ కార్డు, తీయొచ్చు. 60 దాటిన వాళ్లకు 6 యూరోలు, ఏడాది పనిచేస్తుంది.

జవాబు (వల్లేకాస్)

అది ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే అనుకుంటాను.

జవాబు (లెగనేస్)

కాదండీ. మా నాన్నగారికి పాస్‌పోర్టు చూపించి స్టేషన్‌లోనే తీశాను. పుట్టిన తేదీ చూశారు, అంతే. రెండు టికెట్లతోనే ఆ డబ్బు వచ్చేసింది.

జవాబు (హెతాఫే)

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. సెగోవియాలో ఏ హోటల్ చూసినా కాల్చిన పందిపిల్లే. మాంసం లేకుండా అని అడిగినా మిక్స్‌డ్ సలాడ్ మీద ట్యూనా చేప వేసి తెస్తారు. "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" (మాంసం, చేప, పంది హ్యామ్ వద్దు) అని మూడూ చెప్పాలి. నేనైతే పులిహోర కలిపి స్టీలు డబ్బాలో పెట్టుకెళ్తాను. టొలేడో వెళ్తే మసాపాన్ కొనండి, బాదం, పంచదారతో చేస్తారు. కొన్నింటికి పైన గుడ్డు పూస్తారు, అమ్మగారు తినకపోతే అడిగి కొనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. అమ్మతో ఫోన్లో మాట్లాడాను, సున్నం లేని వంతెన చూస్తానంది. మోంక్లోవా నుంచి తొమ్మిది గంటల బస్సుకు మూడు టికెట్లు తీసుకున్నాను, పేర్లు పాస్‌పోర్టు ముందు పెట్టుకునే కొట్టాను. టొలేడో ఆ తర్వాతి వారం, నాన్న కార్డు తీశాక. అక్కా, పొద్దున్నే కలిపిన పులిహోర మధ్యాహ్నం దాకా బాగానే ఉంటుంది కదా?

జవాబు (హెతాఫే)

రాత్రే కలుపు. పొద్దుటికి పులుపు పడుతుంది.