రిమోట్ బండి తిప్పితే పట్టా ఊడుతోంది, పైగా బోర్డు రీసెట్ అవుతోంది. తప్పెక్కడ?

తోటబండి:
అన్నలూ, మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. కాయ కోసేటప్పుడు చెట్ల కింద నుంచి ఆటో నిలిపే చోటికి క్రేట్లు మోయడానికి మనుషులు దొరకడం లేదు, తోపుడు బండి దున్నిన నేలలో కూరుకుపోతుంది. అందుకే యుద్ధ ట్యాంకు మాదిరి పట్టాలతో రిమోట్ బండి ఒకటి చేస్తున్నాను. పక్కకి రెండేసి సైకిల్ చైన్లు, వాటికి అడ్డంగా పాత టైరు ముక్కలు బోల్టులతో బిగించాను. మొదట ఫ్రీవీల్ అట్లే పెట్టేసి, వెనక్కి పోనిస్తే ఊరికే టకటకమని తిరిగిందే గానీ బండి కదల్లేదు, తర్వాత దాన్ని వెల్డింగ్ చేయించాను (నవ్వకండి). 12 వోల్టుల గేర్ మోటార్లు రెండు, వాటికి కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్, అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డునో యూనో, యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. నేలకి ఆనే పట్టా పొడవు 64 సెంటీమీటర్లు, రెండు పట్టాల మధ్య దూరం 30.

నేరుగా బ్రహ్మాండంగా పోతోంది. తిప్పితేనే తంటా. ఒక పక్క పట్టా ఊడిపోతుంది, లేదంటే బోర్డు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. నాయన రోజూ వచ్చి చూసి ఏమీ అనకుండా పోతాడు, ఆ టెన్షన్ వేరే.

తిరుపతి_లేత్:
నువ్వు రాసిన కొలతల్లోనే జవాబు ఉంది సామీ. పట్టా బండి తిరగాలంటే పట్టా మొత్తం నేల మీద పక్కకి ఈడ్చుకుపోవాలి. పొడవు ఎక్కువై వెడల్పు తగ్గేకొద్దీ ఆ ఈడ్పు మోటారుకి భారం. 64ని 30తో భాగిస్తే రెండు దాటింది, ఒకటిన్నర లోపు ఉంటే హాయిగా తిరుగుతుంది. చట్రం కోసి మధ్య దూరం 45 చెయ్యి. ఇంకో కిటుకు, మధ్య రోలర్లను చివరి చక్రాల కంటే ఒక అర సెంటీమీటరు కిందికి దించు. గట్టి నేల మీద మధ్య భాగమే ఆనుతుంది కాబట్టి సులువుగా తిరుగుతుంది, మెత్తటి నేలలో కాస్త దిగబడగానే పట్టా మొత్తం బరువు మోస్తుంది.

ఊడిపోవడానికి ఇంకో కారణం బిగువు. బైకు వెనక చక్రం దగ్గర చైన్ అడ్జస్టర్ ఉంటుంది చూడు, అట్లాంటిదే ముందు చక్రం ఇరుసుకి గాడి తీసి పెట్టుకో. చైను పక్కకి జారకుండా చక్రానికి రెండు వైపులా రేకు బిళ్లలు తగిలించు. అరిగిన పాత చైనైతే పక్కకి పాములా వంగుతుంది, చేత్తో పట్టుకొని వంచి చూస్తే తెలిసిపోతుంది, అది మాత్రం పారేయాల్సిందే.

వైండింగ్‌వాలా:
కరెంటు సంగతి నేను చెప్తా. మోటారు తీగలు విప్పి, మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి, ఇరుసును మెల్లగా తిప్పుతూ అన్నిటికంటే తక్కువ రీడింగ్ రాసుకో. 12ని దాంతో భాగిస్తే మోటారు ఇరుక్కున్నప్పుడు లాగే కరెంటు సుమారుగా వస్తుంది. ఎల్298ఎన్ ఒక్కో ఛానెల్‌కి, అంటే ఒక్కో మోటారుకి, 2 ఆంపియర్లే, పైగా దాదాపు 2 వోల్టులు తనే తినేస్తుంది. ఎక్కువ కరెంటు తట్టుకునే బీటీఎస్7960 డ్రైవర్ బోర్డులు రెండు కొను, ఒక్కో బోర్డు ఒక్క మోటారుకే, ఒకటి కొని రెండింటికీ కలిపేయకు.

రీసెట్‌కి కారణం తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోవడం. ముందు ఆర్డునోకి విడిగా పవర్ బ్యాంక్ పెట్టి చూడు, గ్రౌండ్ (నెగెటివ్) తీగ మాత్రం రెండింటికీ కలపాలి. రీసెట్ ఆగితే రోగం దొరికినట్టే.

తోటబండి:
రీడింగ్ 1.6 ఓమ్స్ వచ్చిందన్నా, అంటే ఏడున్నర ఆంపియర్లు! పవర్ బ్యాంక్ పెట్టాక రీసెట్ లేదు, కానీ కాసేపటికి అదే ఆఫ్ అయిపోతోంది?

వైండింగ్‌వాలా:
ఆర్డునో లాగే కరెంటు మరీ తక్కువ, ఫోన్ తీసేశారనుకొని పవర్ బ్యాంక్ ఆపేస్తుంది. అది టెస్టుకే. బ్యాటరీ నుంచే వోల్టేజీ తగ్గించే చిన్న బక్ కన్వర్టర్‌తో 5 వోల్టులు తీసుకో, వోల్టేజీ కుదుపులు తగ్గడానికి దాని పక్కన 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. మోటార్లకు సన్న తీగలు వాడకు, ఇంటి వైరింగ్‌లో వేసే రెండున్నర ఎంఎం వైరు చాలు.

చంద్రగిరి_హాబీ:
అందరూ మర్చిపోయింది ఒకటి. బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్లు కొన్ని, సిగ్నల్ పోయినా ఆఖరి కమాండునే పట్టుకొని కూర్చుంటాయి. నా బండి అట్లే రిమోట్ బ్యాటరీ అయిపోగానే నేరుగా పోయి బావి గట్టు గుద్దుకొని ఆగింది, గట్టు లేకుంటే బావిలోనే. అర సెకను పాటు కొత్త సిగ్నల్ రాకుంటే మోటార్లు ఆపేయమని కోడ్‌లో రాయి. బండిని ఇటుకల మీద ఎత్తి పెట్టి, పట్టాలు తిరుగుతుండగా రిమోట్ ఆఫ్ చేసి చూడు. అది చూడకుండా ఇరవై కిలోల క్రేటు ఎక్కించొద్దు.

తోటబండి:
మధ్య దూరం 46 చేయించాను, రోలర్లు దించాను, కొత్త డ్రైవర్లు వేశాను. ఇటుకల టెస్టు మొదటిసారి ఫెయిల్, కోడ్ మార్చాక పాస్. నిన్న నిండు క్రేటుతో మూడు వరసలు తిరిగింది, పట్టా ఒక్కసారే ఊడింది, అదీ డ్రిప్ పైపు చక్రంలో ఇరుక్కుని. నాయన ఇంకా నమ్మలేదు, క్రేటు మీద ఒక చెయ్యి వేసుకొని పక్కనే నడిచాడు. డ్రిప్ పైపులు దాటించడానికి ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి.