కలుషిత గాలిలో కొత్త కణాలు ఎలా నిలదొక్కుకుంటున్నాయి?

ప్రశ్న: నగరపు గాలిలో ముందే ఉన్న పొగ కణాలు అప్పుడే పుట్టిన అణుగుచ్ఛాలను (కొన్ని అణువులు కలిసిన చిన్న గుంపులను) పట్టేసుకుంటాయి కదా, అలాంటప్పుడు బీజింగ్, షాంఘై వంటి చోట్ల ఒకటి రెండు నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లవ వంతు) కొత్త కణాలు ఎలా మిగులుతున్నాయో ఎవరైనా వివరించగలరా?

సమాధానం: సల్ఫర్ డయాక్సైడ్ పగటివేళ ఆక్సీకరణ చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లపు ఆవిరిగా మారుతుంది. ఆ అణువులు డైమిథైలమీన్ వంటి అమీన్‌తో, అంటే అమ్మోనియాను పోలిన సేంద్రియ క్షారంతో జతకడితే ఏర్పడే గుచ్ఛం సులువుగా విడిపోదు. షాంఘైలో జరిపిన కొలతల ఆధారంగా 2018లో వెలువడిన పరిశోధన ఈ జంటనే చూపింది. అమ్మోనియా గాలిలో ఎంతో ఎక్కువగా ఉన్నా, గుచ్ఛాన్ని పట్టి ఉంచడంలో అమీన్‌కు సాటిరాదు.

మరొక సమాధానం: పై వివరణ సరైనదే గాని, నా దృష్టిలో అసలు చిక్కు పుట్టుకలో కాదు, పెరుగుదలలో ఉంది. కణం ఎంత చిన్నదైతే అంత చురుకుగా కదులుతూ పెద్ద కణాలకు చిక్కుతుంది కాబట్టి, అది బతకాలంటే త్వరగా పెరగాలి. యూరప్‌లోని కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్‌లో, గాలిలో కణాల పుట్టుకను పరిశీలించే క్లౌడ్ ప్రయోగం నుంచి 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, సుమారు 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియా కలిసి కొన్ని నానోమీటర్ల కణాలపై పేరుకుని, వాటిని నిమిషాల్లోనే పెంచగలవు.

ప్రశ్నించినవారు: మరి వేసవిలో?

సమాధానం: అప్పుడు ఆ మార్గం దాదాపు మూసుకుపోతుంది, వాహనాల పొగ, ద్రావకాల నుంచి వచ్చి ఆక్సీకరణ చెందిన సేంద్రియ ఆవిరులే పెరుగుదలలో ప్రధాన పాత్ర వహిస్తాయి.