గన్నవరం నుంచి హుబ్బళ్ళికి సొంత చిన్న విమానంలో: అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

మిర్చి_గుంటూరు:
మాది గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు. సీజన్లో నెలకు రెండుసార్లు కర్ణాటకలోని బ్యాడిగి మిర్చి మార్కెట్‌కు వెళ్ళాలి. అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పోను ఒక రాత్రి, రాను ఒక రాత్రి. మా బావమరిదికి ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. స్నేహితులతో కలిసి నాలుగు సీట్ల సెస్నా 172 కొన్నాడు. తెల్లారి గన్నవరంలో లేచి, హుబ్బళ్ళిలో దిగి, అక్కణ్ణుంచి కారులో బ్యాడిగి వెళ్ళి, రాత్రి భోజనానికి ఇంటికి రావాలని మా ఆలోచన. నలుగురం ఉంటాం, నాలుగు శాంపిల్ సంచులు. పెట్రోల్ ఖర్చు మిగతా ఇద్దరు వ్యాపారులు పంచుకుంటామంటున్నారు. గన్నవరంలో పార్కింగ్ ఎలా ఉంటుంది? ఏమేం కాగితాలు కావాలి?

పటమట_బాబాయ్:
పార్కింగ్ తర్వాత, ముందు పొగమంచు సంగతి చూసుకోండి. నాలుగేళ్ళ కిందట డిసెంబర్లో స్నేహితుడి విమానంలో బేగంపేటకు బయలుదేరాను. ఆరింటికే గన్నవరం చేరాం. ఎదురుగా ఉన్న రన్‌వే కనిపించడం లేదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటికి కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) లేని పైలట్‌కు 5 కిలోమీటర్ల చూపు ఉండాలి, లేకపోతే కదలనివ్వరు. పదింటికి బ్యాంకులో మీటింగ్, మేము లేచింది పదిన్నరకు. ఆ పొద్దున శాతవాహన ఎక్కిన మా గుమాస్తా దాదాపు నాతోపాటే సికింద్రాబాద్‌లో దిగాడు. ఆ లోన్ చెయ్యి జారిపోయింది. ఆ బాధ ఇంకా పోలేదు.

కాక్‌పిట్_కృష్ణా:
నాకు 1,100 గంటల అనుభవం ఉంది, అందులో సగానికి పైగా 172 మీదే. కాబట్టి తెలిసే చెబుతున్నాను. నాలుగు సీట్లున్నాయని నలుగురు ఎక్కకూడదు. 172ఎస్ మోడల్ గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానమే 765 కిలోల దాకా ఉంటుంది. ట్యాంకులు నింపితే వాడుకోగలిగే పెట్రోల్ 200 లీటర్లు, లీటరు 0.72 కిలోల చొప్పున 144 కిలోలు. ఇక మిగిలింది 248. అంటే 80 కిలోల మనుషులు ముగ్గురు. సంచులకు చోటు లేదు.

బ్రాడీపేట_4వలైన్:
మేము నలుగురం వెళ్ళాం, క్షేమంగా వచ్చాం. పుస్తకం లెక్కలు చెప్పి భయపెట్టకండి. సగం ట్యాంకు పోసుకుంటే బరువు తగ్గుతుంది కదా.

కాక్‌పిట్_కృష్ణా:
సగం ట్యాంకుతో ఎక్కడిదాకా వెళ్తారు? హుబ్బళ్ళి నేరుగా దాదాపు 340 నాటికల్ మైళ్ళు. 115 నాట్ల (గంటకు 115 నాటికల్ మైళ్ళ) వేగంతో మూడు గంటలు. వానాకాలంలో పడమటి గాలి ఎదురొస్తుంది, అది 25 నాట్లుంటే మూడు ముప్పావు గంటలు. గంటకు 33 లీటర్లు తాగుతుంది. మీరే గుణించండి. దీనికి అవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) కావాలి, పెద్ద విమానాలకు పోసే ఏటీఎఫ్ పోస్తే ఇంజిన్ పోతుంది. అవ్‌గ్యాస్ అన్ని ఎయిర్‌పోర్టుల్లో దొరకదు. హుబ్బళ్ళిలో పోస్తారని ముందే రాతపూర్వకంగా తెలుసుకోకుండా కదలకండి.

బ్రాడీపేట_4వలైన్:
హైదరాబాద్ దగ్గర నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్‌లో మే నెల మధ్యాహ్నం లేచాం, నలుగురం. కళ్ళతో చూసింది చెబుతుంటే అబద్ధమంటారా? గంటలు ఎక్కువ ఉన్నాయని అందరికీ పాఠాలు చెప్పక్కర్లేదు.

కాక్‌పిట్_కృష్ణా:
అబద్ధమనలేదు, ప్రమాదమన్నాను. 42 డిగ్రీల ఎండలో మన గన్నవరం కూడా విమానానికి మూడు వేల అడుగుల ఎత్తులో ఉన్న ఊరితో సమానం. గాలి పలచబడుతుంది. రెక్కకు పైకి ఎత్తే శక్తి తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది. గన్నవరంలో 3,360 మీటర్ల రన్‌వే ఉంది కాబట్టి నేల విడుస్తారు, ఆ తర్వాత పైకి పోవడమే కష్టం. నాదర్‌గుల్ అసలే ఎత్తైన చోటు, రన్‌వే చిన్నది. ఆ రోజు మీ పైలట్ లోడ్ షీటు (బరువుల లెక్క కాగితం) రాశాడా?

బ్రాడీపేట_4వలైన్:
ఆ పైలట్ మా పెదనాన్నగారి అబ్బాయి. ఆయన మీద మాట పడనివ్వను. ఇక మీతో నాకు మాటల్లేవు.

గన్నవరం_రైతు:
3,360 మీటర్లని తేలిగ్గా అంటున్నారు. అది 2,286 మీటర్లుగా ఉండేది. పెంచడానికి పొలం ఇచ్చిన కుటుంబాల్లో మాదొకటి. మా నాన్న ఇప్పటికీ ఆ కంచె దగ్గర ఆగి చూస్తుంటాడు. అక్కడ దిగేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు.

అద్దంకి_బిడ్డ:
గుంటూరువాళ్ళకు గన్నవరం ఎందుకండీ? బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగ్ దాటేసరికే పొద్దెక్కుతుంది. మా కొరిశపాడు దగ్గర హైవే మీద 4.1 కిలోమీటర్ల రన్‌వే వేశారు. 2022 డిసెంబర్లో యుద్ధ విమానాలు కిందికి వస్తుంటే మా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను. చిన్న విమానాలకు కూడా ఇవ్వాలి.

కాక్‌పిట్_కృష్ణా:
అది వైమానిక దళం అత్యవసరానికి వేసింది. మిగతా రోజుల్లో దాని మీద లారీలు తిరుగుతాయి. ప్రైవేటువాళ్ళు దిగాలనుకోవడమే తప్పు.

అద్దంకి_బిడ్డ:
మా భూమి మీద వేశారు, మాకు అడిగే హక్కు లేదా? గుంటూరు, ప్రకాశం వ్యాపారం మొత్తం గన్నవరం వైపే చూడాలా?

తెనాలి_పద్మ:
కాసేపు రన్‌వేలు పక్కన పెట్టండి. గుంటూరు అన్నయ్యగారూ, మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది ఒకటే, "రాత్రి భోజనానికి ఇంటికి". మావారు ఒక కంపెనీ చిన్న విమానం నడిపేవారు. ఒక అక్టోబర్లో రాజమండ్రి నుంచి సాయంత్రం తిరిగి రావాలి. సముద్రం వైపు నల్లటి మబ్బు కమ్మింది. యజమానికి ఆ రాత్రి విజయవాడలో పెళ్ళి. "ఈ కాస్త దూరానికి ఏమిటండీ" అని ఎక్కించబోతే ఈయన తాళం ఇవ్వలేదు. యజమాని టాక్సీలో వెళ్ళాడు. మర్నాడు ఈయన ఉద్యోగం పోయింది. ఏడాది చాలా కష్టపడ్డాం. కానీ మనిషి ఇంట్లో ఉన్నాడు.
మీ దారి నల్లమల మీదుగా. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్ పోయింది ఆ అడవిలోనే.

పటమట_బాబాయ్:
హెలికాప్టర్ వేరు, విమానం వేరు కదమ్మా.

తెనాలి_పద్మ:
మబ్బుకు రెండూ ఒకటే బాబాయ్ గారూ. పైగా ఇది ఒకే ఇంజిన్. అడవి మీద ఆగితే దింపడానికి చదునైన పొలం కూడా ఉండదు.
ఇంకో లెక్క చెబుతాను, మావారు పక్కన కూర్చుని చెబుతున్నారు. చూపు మీద ఆధారపడి నడిపేవాళ్ళు పొద్దు కుంకిన 20 నిమిషాల తర్వాత ప్రయాణం చేయకూడదు. మీరు పడమర నుంచి తూర్పుకు వస్తారు కాబట్టి హుబ్బళ్ళి కంటే గన్నవరంలో 20 నిమిషాలకు పైగా ముందే చీకటి పడుతుంది. మూడు గంటల ప్రయాణం. అంటే మధ్యాహ్నం మూడింటికే హుబ్బళ్ళిలో లేవాలి, బ్యాడిగిలో ఒంటి గంటకే కారెక్కాలి. అప్పటికి మీ సరుకు రేటు తేలుతుందా? తేలకపోతే ఏం చేస్తారు? అది ముందే అనుకోండి, అక్కడ విమానం పక్కన నిలబడి కాదు.

సత్తెనపల్లి_చార్టర్:
ఖర్చు పంచుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. ప్రైవేట్‌గా రిజిస్టరైన విమానంలో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించకూడదు. కిరాయికి తిప్పాలంటే నాన్-షెడ్యూల్డ్ పర్మిట్ ఉండాలి, నడిపేవాడికి కమర్షియల్ లైసెన్స్ ఉండాలి. పంచుకుంటామన్న ఇద్దరినీ ఎక్కించుకుంటే మీ బావమరిది లైసెన్స్‌కే ముప్పు, ఇన్సూరెన్స్ కూడా రాదు. కాగితాలంటే, ఫ్లైట్ ప్లాన్ వేశాక లేచే ముందు ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్), ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్లు తీసుకోవాలి.

బ్రాడీపేట_4వలైన్:
మా అన్నయ్యకు ఫోన్ చేశాను. ఆ రోజు నలుగురిలో ఇద్దరు పదేళ్ళ పిల్లలు, ట్యాంకు మూడో వంతు, నాదర్‌గుల్ చుట్టూ అరగంట తిరిగి దిగాం. లోడ్ షీటు రాశాడట. కృష్ణా గారూ, లెక్క మీదే సరైనది. అబద్ధమన్నట్టు మాట్లాడారు, అదే నాకు కోపం తెప్పించింది.

కాక్‌పిట్_కృష్ణా:
నేనూ కాస్త గట్టిగానే అన్నాను. పిల్లలతో వెళ్ళారని తెలిస్తే ఆ ప్రశ్నే వేసేవాణ్ణి కాదు.

మిర్చి_గుంటూరు:
అందరికీ నమస్కారం. బావమరిదికి ఇదంతా చదివి వినిపించాను. వ్యాపారులిద్దరికీ వద్దని చెప్పేశాను. వచ్చే వారానికి అమరావతి ఎక్స్‌ప్రెస్‌కే టికెట్లు తీశాం. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక వాన పడకముందు మేమిద్దరమే ఒక సంచితో వెళ్తాం, రాత్రికి హుబ్బళ్ళిలో గది తీసుకుంటాం. పద్మగారూ, మీ వారితో ఒకసారి ఫోన్లో మాట్లాడవచ్చా? ఆ మధ్యాహ్నం మూడు గంటల లెక్క నెలల వారీగా రాసి పెట్టుకోవాలి.
పార్కింగ్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.